బీడంటే ఖాళీ భూమేనా?

పోయిన చలికాలం మేం నలుగురం రాజస్థాన్‌లో జైసల్మేరు కాడ ఉండే డెసర్ట్ నేషనల్ పార్కు చూసొచ్చినాం. వీలుంటే మీరూ పోండి, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల.

చానామంది సమ్ ఇసుక దిబ్బల కాడ ఒంటె ఎక్కి, ఫోటో దిగి తిరిగొస్తారు. పార్కు మొత్తం 3,162 చదరపు కిలోమీటర్లు. దిబ్బలు అందులో కొంత భాగమే. మిగతాదంతా రాతి నేల, గడ్డి, రేగు పొదలు, జిల్లేడు. మన బీడు మాదిరే ఉంటుంది. అక్కడ సేవణ్ అనే గడ్డి దుబ్బులు దుబ్బులుగా పెరుగుతుంది. వాన లేకున్నా వేరు చావదు, నాలుగు చినుకులు పడితే మళ్ళీ చిగురేస్తుంది. ఆవులు, గొర్రెలు బతికేది దాని మీదనే. చింకారా జింకలు, ఎడారి నక్కలు కూడా ఆ గడ్డిలోనే తిరుగుతాయి.

వాళ్ళు ఖేజ్రీ అని మొక్కే చెట్టు మన జమ్మి చెట్టే. మనం దసరాకు ఒక్కరోజు పూజ చేస్తాం. వాళ్ళు సజ్జ చేను నడుమ నరక్కుండా వదిలేస్తారు. ఆకు మేకలకు, కాయ కూరకు, నేలకు నత్రజని. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ ఊళ్ళో ఈ చెట్లను నరకనీయకుండా 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చినారు.

ఇక పర్మిషన్ తీసుకొని సుదాసరి కంచె వైపు పోతే దూరంగా ఒక బట్టమేక పిట్ట కనపడింది. మీటరు ఎత్తు, మగదైతే 15 కిలోల దాకా తూగుతుంది. మిడతలు, పురుగులు ఏరుకొని తింటుంది. గుడ్డు పెట్టేది మామూలుగా ఒక్కటే, అదీ వట్టి నేల మీద. దేశం మొత్తంలో 150 కూడా మిగల్లేదంటారు. ముందుకు సరిగా చూడలేదు కాబట్టి ఎగురుతా వచ్చి కరెంటు తీగలకు కొట్టుకొని చస్తుంది. తీగలు భూమిలో వేయమని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, 2024లో ఆ ఉత్తర్వు సడలించి నిపుణుల కమిటీ వేసింది. సోలారు, గాలిమరల తీగలు మాత్రం పెరుగుతానే ఉన్నాయి.

ఈ పిట్ట మనదే గదా! మన రోళ్ళపాడులో దీనికోసమే 1988లో అభయారణ్యం పెట్టినారు. ఆరు చదరపు కిలోమీటర్లు, అంటే సుమారు 1,500 ఎకరాలు. పిట్టకు ఆ కంచె చాలదు, చుట్టూ ఉన్న మన జొన్న చేలు, కొర్ర చేలు, బీళ్ళు కూడా దాని ఇల్లే. కాలువ నీళ్ళొచ్చినాయి, పంటలు మారినాయి, పిట్ట కనపడకుండా పోయింది. జైసల్మేరు వైపు కూడా ఇందిరాగాంధీ కాలువ వచ్చినాక గడ్డి నేలలు చేలైనాయి. నీళ్ళు వద్దని ఏ రైతూ అనడు, నేనూ అనను. కానీ పిట్ట పోయిన పాపం రైతు నెత్తినే వేస్తే ఒప్పుకోను. రోళ్ళపాడు చుట్టుపక్కల కృష్ణజింకలు పంట మేస్తే నష్టపరిహారం కోసం ఎన్నిసార్లు తిరగాలో మేసినోళ్ళ చేలవాళ్ళనడగండి.

నా మాట ఒకటే. పిట్టకు కావాల్సింది అడవి కాదు, బీడు. మన రికార్డుల్లో మాత్రం బీడును బంజరు అని రాసి, ఎవరడిగినా ఇచ్చేస్తారు. సోలారు ప్లేట్లకు మొదట పోయేది మేత పోరంబోకే. మిగిలిన దాంట్లో సర్కారు తుమ్మ కమ్ముకుంటుంది. లేదంటే పచ్చదనం పేరుతో గుంతలు తీసి మొక్కలు నాటి ఫోటో దిగుతారు. గడ్డి నేలలో చెట్లు కిక్కిరిస్తే ఈ పిట్ట నిలవదు, మన గొర్రెలకూ మేత ఉండదు. సోలారు వద్దనడం లేదు, మేత భూమి వదిలి వేరే చోట పెట్టమంటున్నా. చేను పక్కన రెండెకరాలు గడ్డికి వదిలే రైతుకు ఏటా కౌలు లెక్కన డబ్బిస్తే, గుడ్డు పెట్టిన చోట నాగలి పెట్టకుండా మనమే కాపలా ఉంటాం. జైసల్మేరు పార్కు లోపల కూడా ఊళ్ళున్నాయి, గొర్రెలోళ్ళున్నారు. వాళ్ళను పక్కనపెట్టి అక్కడా ఏదీ నిలబడదు.

మా ఊరి మేత పోరంబోకు సర్వే నంబర్లు తీయించి ఈసారి గ్రామసభలో పెడుతున్నా. మీ ఊళ్ళో ఎన్ని ఎకరాలు మిగిలిందో మీరూ ఒకసారి అడంగల్‌లో చూసుకోండి.