ఫ్లైట్ గంటే... అసలు ప్రయాణం దిగాకే!

నా మొదటి క్లయింట్ డెమో బెంగళూరులో, సోమవారం పదింటికి. ఉదయం ఆరున్నర ఫ్లైట్ బుక్ చేశా. శంషాబాద్ నుంచి గంటంబావు, అంతే కదా? దిగి తీరిగ్గా ఇడ్లీ కూడా తినొచ్చనుకున్నా! దేవనహళ్లి ఎయిర్‌పోర్టు నుంచి ఎలక్ట్రానిక్ సిటీ 50 కిలోమీటర్ల పైనే. దూరమైతే చూశా గానీ, ఆ టైంలో హెబ్బాళ్ దగ్గర ట్రాఫిక్ ఎలా ఉంటుందో చూడలేదు. చేరేసరికి పదిన్నర దాటింది. నా డెమోని మా టీమ్‌మేట్ హైదరాబాద్ నుంచే వీడియో కాల్‌లో ఇచ్చేశాడు. మరి నేనెందుకెళ్లినట్టు?

అప్పట్నుంచి టికెట్ కంటే ముందు గూగుల్ మ్యాప్స్ తెరుస్తున్నా. అందులో ఏ టైంకి చేరాలో పెడితే, ఎప్పుడు బయల్దేరాలో చెప్తుంది. ఎలక్ట్రానిక్ సిటీ అయితే ముందురోజు సాయంత్రమే కాచిగూడలో రైలెక్కేస్తా.

మీటింగ్ పెట్టేది మీరే అయితే, బయటూరి వాళ్లకి పదకొండున్నర తర్వాత టైమివ్వండి, ప్లీజ్.

పవర్ బ్యాంక్ చేతి బ్యాగ్‌లోనే ఉండాలి, చెక్-ఇన్ లగేజీలో వేస్తే తీయించేస్తారు. బిల్లులకి అక్కడికక్కడే ఫొటో తీసుకోండి. థర్మల్ పేపర్ మీద అక్షరాలు క్లెయిమ్ పెట్టేలోపే మాయం. ఆ రోజు ట్యాక్సీ కౌంటర్‌లో ఇచ్చిన చీటీ ఇప్పుడు ఉత్త తెల్లకాగితం.