రెండు శనివారాల సేవ

సంక్రాంతికి పెద్దమందడి వెళ్ళొచ్చాను. (2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు వనపర్తి జిల్లా. మాకు మాత్రం ఎప్పటికీ పాలమూరే.) దారిలో ఒకచోట కారు గుంతలో దబ్బున పడింది. యథాప్రకారం తిట్టుకున్నాను. ఆ పనిలో నాకు మంచి అనుభవం ఉంది లెండి.

అప్పుడే గంగాధర తిలక్ కాట్నం గారు గుర్తొచ్చారు. హైదరాబాద్‌లో 'రోడ్ డాక్టర్' అంటే తెలియనివాళ్ళు తక్కువ. రైల్వేలో చేసి 2008లో రిటైరయ్యారు. తర్వాత మనలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2010లో ఓరోజు ఆయన కారు గుంతలో పడి, బడికెళ్ళే పిల్లల మీద బురదనీళ్ళు చిమ్మింది. మనమైతే అద్దం ఎక్కించుకుని పోతాం. ఆయన సొంత డబ్బుతో కంకర తెప్పించి ఆ గుంత పూడ్చారు. తర్వాత ఇంకోటి, ఇంకోటి. 2011లో ఉద్యోగం కూడా మానేశారు. ఖర్చు పెన్షన్‌లోంచి. ఈ పనిలో తోడు ఆయన భార్య వెంకటేశ్వరి గారు.

ఇదంతా చెప్తే మా బాబాయి ఒప్పుకోలేదు. "పన్నులు కడ్తలేమా? మనమే పూడ్చుకుంటే సర్కారోళ్ళేం జేస్తరు?" అన్నాడు. మాట కొట్టెయ్యలేం. అడగాల్సింది అడగాల్సిందే. కానీ తిలక్ గారి పని చూశాకే మున్సిపల్ అధికారులు సామాను ఇవ్వడానికి ముందుకొచ్చారు. పని మొదలుపెట్టినవాడు అడిగితే ఆ అడగడమే వేరుగా ఉంటుంది. వనజీవి రామయ్య గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందు దశాబ్దాల పాటు ఆయన మొక్కలు నాటుతూనే ఉన్నారు, ఎవరు చూసినా చూడకపోయినా.

ఇక నా సంగతి. ఆమధ్య ఊళ్ళో పిల్లలకి ప్రతి శనివారం కంప్యూటర్ నేర్పిస్తానని గొప్పగా చెప్పాను. రెండు శనివారాలు వెళ్ళాను. ఫోటోలు కూడా దిగాను. మూడో వారం ఆఫీసులో రిలీజు. నాలుగో వారం ఎవరిదో పెళ్ళి. అయిదో వారానికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. అసలు వెళ్ళకపోయినా బావుండేది, వాళ్ళు ఎదురుచూసేవాళ్ళు కాదు.

మొన్న కిరాణా కొట్టు దగ్గర ఒక పాప ఆపింది. "సారూ, మౌసు వట్టుడు నేర్పి వోయిన్రు. మళ్ళ రాకపోతిరి?"

ఏం చెప్పను? పని ఉండిందమ్మా అన్నాను. ఆ పాప నమ్మింది కూడా. అదే ఇంకా బాధ.

వచ్చే శనివారం పొద్దున ఆరింటికి బయల్దేరుతున్నాను. కారులో ఇంకో ముగ్గురికి చోటుంది. ఎక్సెల్ వచ్చినవాళ్ళు ఎవరైనా వస్తారా? నాకు అంతంత మాత్రమే.