కారులో కారిందేమిటి?

హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ అనగానే కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు అల్యూమినియం బాడీ, సీట్ల వెనక వీ6 ఇంజన్, సుజుకాలో అయర్టన్ సెన్నా నడిపి చూడటం, ఇవే చెప్తారు. 1990లో అమ్మకానికి వచ్చిన ఆ కారులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఏసీ కంట్రోల్ బాక్స్. నవ్వకండి. డీబగ్గింగ్ అంటే ఏంటో మన సిలబస్ కంటే ఆ డబ్బా బాగా నేర్పుతుందని నా అభిప్రాయం. ఆ కారుని నేను ముట్టుకోలేదు, బహుశా ఎప్పటికీ ముట్టుకోను. రిపేర్ చేసేవాళ్ళ వీడియోలు మాత్రం సెమిస్టర్ పరీక్షల ముందు రోజు కూడా వదల్లేదు.

ముప్ఫై ఏళ్ళు దాటాక ఆ కార్లలో ఏసీ మొండికేయడం మామూలే. ఫ్యాన్ ఫుల్ స్పీడులో తప్ప తిరగదు. లేదా అసలు తిరగదు. బటన్ నొక్కితే పలకదు. వెంటనే వినిపించే సలహా ఒక్కటే: "యూనిట్ పోయింది, మార్చేయండి." జ్వరమొచ్చిందని మనిషినే మార్చేయమన్నట్టు ఉంటుంది నాకు.

ఏసీ అంటే మనకి ఒక్క బటన్‌లా కనిపిస్తుంది గానీ లోపల మూడు వేరు వేరు పనులున్నాయి: చల్లదనం పుట్టించడం, గాలి ఊదడం, ఎంత కావాలో నిర్ణయించడం. గాలి బాగానే వస్తూ చల్లగా లేదనుకోండి, ముందు కంప్రెసర్ క్లచ్ పడుతోందా అని చూడాలి. గ్యాస్ తగ్గితే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆన్ కానివ్వదు. అది రక్షణ కోసం పెట్టిన ఏర్పాటు. అక్కడ కంట్రోల్ బాక్స్ తప్పేమీ లేదు, పాపం నింద మాత్రం దానికే.

ఫ్యాన్ సంగతి ఇంకా బాగుంటుంది. ఇలాంటి ఆటోమేటిక్ ఏసీల్లో సాధారణంగా మధ్య స్పీడ్లన్నీ ఒక పవర్ ట్రాన్సిస్టర్ గుండా నడుస్తాయి. ఫుల్ స్పీడుకి మాత్రం ఒక రిలే దాన్ని దాటేసి నేరుగా కరెంటు ఇస్తుంది. కాబట్టి ఫుల్‌లో తిరిగి మిగతా స్పీడ్లలో తిరగలేదంటే మోటర్ బాగానే ఉంది. అనుమానం ట్రాన్సిస్టర్ మీద, లేకపోతే దానికి బాక్స్ పంపే సిగ్నల్ మీద. మల్టీమీటర్ పెట్టి, స్పీడ్ మారుస్తూ ఆ సిగ్నల్ వోల్టేజ్ మారుతోందా చూస్తే సగం అనుమానం అక్కడే తీరిపోతుంది. మనం కోడ్‌లో ప్రింట్ స్టేట్‌మెంట్లు పెట్టుకుంటూ వెళ్తామే, అచ్చం అదే.

సెన్సార్ల దగ్గర ఇంకో తమాషా. ఉష్ణోగ్రత చెప్పే థర్మిస్టర్‌కి చలి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది. వైరు తెగితే రెసిస్టెన్స్ అనంతం. ఆ విలువని పట్టుకుని సరిచూసుకోని కంట్రోలర్ అయితే లోపల మంచు కురుస్తోందనుకుని మండుటెండలో వేడిగాలి కొడుతుంది. లాజిక్ కరెక్టే, ఇన్‌పుట్ అబద్ధం. ఇన్‌పుట్ వాలిడేషన్ ఎందుకో స్లైడ్ల మీద నాకు ఎప్పుడూ ఇంత బాగా అర్థం కాలేదు.

ఇవన్నీ దాటాక కూడా వేలు బాక్స్ వైపే చూపిస్తే, అప్పుడు విప్పాలి. ఎన్‌ఎస్‌ఎక్స్‌లో చాలాసార్లు దొరికే దొంగ అక్కడే ఉంటాడు. చిన్న చిన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు, వాటి అడుగు నుంచి కారిన ద్రవం. అది బోర్డు మీద పాకి రాగి దారుల్ని తినేస్తుంది. ఆ తరం కెపాసిటర్ల జబ్బు ఇది, ఒక్క కారుదే కాదు. మెకింతోష్ ఎస్‌ఈ/30, అమిగా 1200, సెగా గేమ్ గేర్ బోర్డుల్లో కూడా ఇదే కథ. (2000ల్లో మదర్‌బోర్డుల మీద ఉబ్బి పగిలిన కెపాసిటర్లది వేరే గొడవ, రెండూ కలిపేయొద్దు.) ఆ మరకల మీద సోల్డరింగ్ ఐరన్ పెడితే చేపల కంపు వస్తుందట. పాతవి తీసి, బోర్డు కడిగి, తెగిన దారులకి సన్నని వైరు అతికి, కొత్తవి వేస్తే చాలా బాక్సులు మళ్ళీ లేచి కూర్చుంటాయి.

ఈ ముక్క తెలిసినవాళ్ళు ఇంకో తప్పు చేస్తారు. ఏసీ పనిచేయలేదా, చూడకుండానే కెపాసిటర్లన్నీ మార్చేస్తారు. పాతబడ్డ బోర్డుకి అది మంచిదే, కాదనను. కానీ ట్రాన్సిస్టర్ కాలిపోయి ఉంటే కొత్త కెపాసిటర్లు ఏం చేస్తాయి? యూనిట్ మార్చేయమన్నవాడికీ వీడికీ నాకైతే పెద్ద తేడా కనిపించదు. ఎర్రర్ మెసేజ్‌ని ఏఐకి అతికించి, అది ఇచ్చింది చదవకుండా తెచ్చి మళ్ళీ అతికించే మా హాస్టల్ పద్ధతి కూడా ఇదే జాతి. రన్ అయితే చాలు, ఎందుకైందో ఎవడికి కావాలి?

"కోడ్ రాసేవాళ్ళకి సోల్డరింగ్ ఎందుకు, అది ఈసీఈ వాళ్ళ పని" అంటారు కొందరు. సోల్డరింగ్ రాకపోయినా పర్లేదు. కానీ సాఫ్ట్‌వేర్‌లో ప్రతిసారీ రీస్టార్ట్ అనే దొంగదారి ఉంది, తెగిన రాగి దారికి అది లేదు. తప్పు ఎక్కడుందో తేలేదాకా అక్కడే కూర్చోవాల్సిందే.

అందుకే డిజిటల్ ల్యాబ్‌కి ఒక విన్నపం. అన్నీ సరిగ్గా పనిచేసే ట్రైనర్ కిట్లే ఎందుకివ్వాలి? పాడైపోయిన యూపీఎస్ బోర్డో, పాత కారు ఏసీ ప్యానెలో బ్యాచ్‌కి ఒకటి ఇవ్వండి. బాగుచేయకపోయినా ఫర్వాలేదు, ఎక్కడ చెడిందో కొలతలతో రాసి చూపిస్తే మార్కులు వేయండి. కెపాసిటర్లు కావాలంటే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళి తేవడానికి మేం రెడీ.