పుకారు బండి ముందే వెళ్లిపోతోంది, మంత్రి గారూ!

శ్రీ అశ్వినీ వైష్ణవ్ గారికి,
రైల్వే, సమాచార ప్రసారాలు, ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖల మంత్రి, న్యూఢిల్లీ.

అయ్యా,

హౌరా స్టేషన్లో ‘బొడో ఘొడి’ ఎక్కడని అడిగితే కూలీ దగ్గర్నుంచి టీ అమ్మే కుర్రాడి దాకా ఎవరైనా చూపిస్తారు. రెండు ముఖాలున్న పెద్ద గడియారం అది, 1926 నాటిది. తప్పిపోయినవాళ్లు, చుట్టాల కోసం కాచుకునేవాళ్లు, ఇంట్లో చెప్పకుండా వచ్చిన ప్రేమికులు, అందరూ దాని కిందే కలుసుకోవడం ఈ ఊరి రివాజు. సికింద్రాబాదు వెళ్లే ఫలక్‌నుమా కోసం మూటాముల్లెతో వచ్చే తెలుగు కుటుంబాలకూ గుర్తు అదే. ఇప్పుడు దాని కింద నిలబడ్డవాళ్లలో తలెత్తి టైము చూసేవాళ్లు అరుదు. బండి ఎంత లేటో ఫోను చెబుతుంది. బెర్తు ఖాయమైందో లేదో ఫోను చెబుతుంది. ఎక్కడైనా బండి పడిపోతే ఆ కబురూ ఫోనే చెబుతుంది, ఎవరు పడగొట్టారో కూడా కనిపెట్టి మరీ చెబుతుంది.

చిక్కంతా ఆ చివరి దానితోనే. ఈ ఉత్తరం మీకే రావడానికి కారణమూ ఉంది. 2021 జులై నుంచి పట్టాలూ మీవే, ఐటీ శాఖా మీదే. 2024 జూన్‌లో సమాచార ప్రసారాల శాఖ కూడా మీ చేతికొచ్చింది. రైలు గురించి సోషల్ మీడియాలో పుట్టిన అబద్ధం మీద ఎవరికి మొర పెట్టుకోవాలన్నా తిరిగి తిరిగి మీ గుమ్మం దగ్గరికే చేరాలి.

2023 జూన్ 2 మీరు మరిచిపోయి ఉండరు. ఆ మధ్యాహ్నం చెన్నై వెళ్లే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ షాలిమార్‌లో బయల్దేరింది. షాలిమార్ హౌరాలోదే, అంతకు ముందు ఏడాది మొదటి దాకా ఆ బండి హౌరా స్టేషన్ నుంచే కదిలేది. రాత్రి ఏడు కావస్తుండగా, ఒడిశాలోని బహనగా బజార్ దగ్గర లూప్ లైన్లోకి మళ్లి, ఆగి ఉన్న గూడ్సును గుద్దింది. బెంగళూరు నుంచి హౌరా వస్తున్న ఇంకో బండి కూడా అందులో చిక్కుకుంది. 290 మందికి పైగా పోయారు. విజయవాడ మీదుగా నడిచే బండ్లు అవి. ఆ రాత్రి ఈ తీరం పొడుగునా నిద్రపోని ఇళ్లెన్నో.

హౌరాలో ఒక తండ్రి ఆ మధ్యాహ్నమే కొడుకును షాలిమార్‌లో బండి ఎక్కించి ఇంటికొచ్చాడు. కబురు తెలియగానే కొడుక్కి ఫోన్ చేస్తే, అవతల నుంచి నీరసంగా ఒక గొంతు పలికింది. అంబులెన్సు మాట్లాడుకుని రాత్రికి రాత్రే 230 కిలోమీటర్లు వెళ్లాడు. ఆసుపత్రులన్నీ వెదికాడు, ఎక్కడా లేడు. చివరికి శవాలను వరసగా పడుకోబెట్టిన బడికి వెళ్తే, ఒకచోట ఒక చెయ్యి కదిలింది. కొడుకే! ఆ పిల్లవాణ్ణి కోల్‌కతా తెచ్చి బతికించుకున్నారు. ఈ కథ విన్నాక ఫోనును తిట్టిపోయడానికి ఎవరికీ నోరు రాదు.

కానీ మర్నాటి నుంచి అవే ఫోన్లు ఇంకో పనికి దిగాయి. ప్రమాద స్థలాన్ని పై నుంచి తీసిన ఫొటోలో పట్టాల పక్కన ఒక తెల్లటి కట్టడం కనపడుతుంది. దానికి బాణం గుర్తు పెట్టి, ‘నిన్న శుక్రవారం’ అని ఒక్క ముక్క రాసి ఎవరో వదిలారు. మసీదని అర్థమయ్యేలా! నిజానికది ఇస్కాన్ ఆలయం. ఇది చాలదన్నట్టు స్టేషన్ మాస్టర్ పేరు షరీఫ్ అనీ, పరారయ్యాడనీ ఫొటోతో సహా తిప్పారు. ఆ ఫొటో ఎక్కడిదో తెలుసా? మన బొర్రా గుహలు స్టేషన్‌ది, అదీ 2004లో తీసింది. అరకు బండి ఎక్కిన ప్రతివాళ్లూ కిటికీలోంచి చూసిన చిన్న స్టేషన్లో, ఎవరో అడిగితే ఫొటోకు నిలబడ్డ ఒక ఉద్యోగిని, పందొమ్మిదేళ్ల తర్వాత ఒడిశాలో హంతకుణ్ణి చేశారు. మతం రంగు పులిమితే చర్య తప్పదని జూన్ 4న ఒడిశా పోలీసులు హెచ్చరించాల్సి వచ్చింది. సిగ్నల్ సర్క్యూట్ మార్చడంలో జరిగిన తప్పే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. జులై 7న సీబీఐ ముగ్గురు రైల్వే ఉద్యోగులను అరెస్టు చేసింది. ‘శుక్రవారం’ అని పంపినవాళ్లలో ఎంతమంది ఈ సంగతిని అదే గ్రూపులో మళ్లీ పంపి ఉంటారు? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మీరు మర్నాడే అక్కడికి చేరుకున్నారు, మళ్లీ బండ్లు నడిచే దాకా కదల్లేదు. ఒకప్పుడు ఆ జిల్లాకు కలెక్టరుగా పనిచేసినవారు కదా. హౌరాలోనూ షాలిమార్‌లోనూ హెల్ప్‌లైన్లు తెరిచిన మాటా నిజమే. తప్పు పట్టాల్సింది అక్కడ కాదు.

2025 ఫిబ్రవరి 15 రాత్రి న్యూఢిల్లీ స్టేషన్లో తొక్కిసలాట జరిగి 18 మంది చనిపోయారు. మొదట రైల్వే అధికారుల నోట వచ్చిన మాటేమిటి? తొక్కిసలాట లేదు, అంతా వదంతి అని. అంటే ఆ కాసేపూ నిజం జనం ఫోన్లలో ఉంది, పుకారు అధికారుల దగ్గరుంది! ప్రయాగ్‌రాజ్ పేరుతో మొదలయ్యే రెండు బండ్ల ప్రకటనలు విని జనం తికమకపడ్డారని ఢిల్లీ పోలీసులు చెప్పారు. రెండ్రోజులు తిరక్కముందే మీ శాఖ ఎక్స్‌కు నోటీసు పంపింది: ఆ దుర్ఘటన తాలూకు 285 లింకులు 36 గంటల్లో తీసేయాలని. చనిపోయినవాళ్ల వీడియోలు ఊరంతా తిప్పడం తప్పే, కాదనలేం. కానీ తీసేయించడంలో ఉన్న ఈ చురుకు, చెప్పడంలో ఏమైంది?

రీళ్ల సంగతీ అంతే. ప్రమాదకరంగా రీళ్లు తీసేవాళ్ల మీద కేసులు పెట్టమని 2024 నవంబరులో రైల్వే బోర్డు ఆదేశించింది. పెట్టాల్సిందే. పట్టాల మీద నిలబడి చిందులేసే కుర్రాడికి చట్టం తెలిసిరావాలి. అయితే వాడి వల్ల పోయేది మొదట వాడి ప్రాణం. బొర్రా స్టేషన్ ఫొటో తిప్పినవాడి వల్ల పోయేది ఊరి నెమ్మది.

నెమ్మది పోతే ఏమవుతుందో హౌరాకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2022 జూన్‌లో, టీవీ చర్చలో ఒక నాయకురాలి మాటల మీద ఇక్కడ గొడవలు చెలరేగితే, రాష్ట్ర ప్రభుత్వం 10వ తేదీ నుంచి 13 ఉదయం దాకా జిల్లా అంతా ఇంటర్నెట్ ఆపేసింది. అది మీ ఖాతాలో వేయాల్సింది కాదు. కానీ నెట్ ఆగితే ఆగేది పుకారు ఒక్కటేనా? ఫోన్‌పే మీద నడిచే చాయ్ బండీ ఆగుతుంది, టికెట్టూ ఆగుతుంది.

ఇంకో దారి లేకపోలేదు. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని తెలుగు పల్లెల్లో వాట్సాప్ హోరెత్తింది. జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి నెట్ కట్టేయలేదు. పోలీసులను ఊరూరికీ పంపారు, డప్పు కొట్టించారు, జానపద కళాకారుల చేత పాడించారు. పుకారు చేరే లోపే ఎదురెళ్లి జనంతో మాట్లాడించారు. ఊరూరా తిరిగిన పోలీసు కానిస్టేబుల్ చేయగలిగింది ఇంత పెద్ద రైల్వే చేయలేదా?

అడిగేది ఎక్కువేం కాదు. ప్రమాదం జరిగిన గంటలోపు తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదనీ చెప్పించండి. ఎక్స్‌లో కాదు, ఆ బండి ఆగే ప్రతి స్టేషన్ మైకులో, ఆ ఊరి భాషలో. రిజర్వేషన్ లేని పెట్టెలో ఎక్కినవాళ్ల పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు. వాళ్లను వెదుక్కుంటూ వచ్చేవాళ్లకు ఎక్స్ ఖాతాలుండవు. తీసేయమని మీ శాఖ పంపే నోటీసులు, కారణాలతో సహా బయట పెట్టండి. మళ్లీ అలాంటి బొర్రా ఫొటో ఒకటి లేస్తే, అది అబద్ధమని రైల్వే గొంతే ముందుగా పలకాలి.

ఈ ఉత్తరానికి జవాబు కూడా ఎక్స్‌లో వద్దు. బొడో ఘొడి కింద ఒక బోర్డు పెట్టించి దాని మీద రాయించండి: బెంగాలీలో, హిందీలో, ఇంగ్లీషులో, ఫలక్‌నుమా ఎక్కడానికి వచ్చేవాళ్ల కోసం తెలుగులో కూడా.