యుద్ధము, నాయకుడు, లాప్‌టాప్ వెల

అంబత్తూరు స్టేషనులో తిరువళ్ళూరు వైపు పోవు రైలెక్కినచో కొలది నిముషములలో ఆవడి వచ్చును. అచ్చటి భారీ వాహనముల కర్మాగారమునుండి తొలి విజయంత టాంకు 1965వ సంవత్సరాంతమున వెలువడెను. అంతకు ఒక యేడు ముందు, 1964లో, మన అంబత్తూరు పారిశ్రామికవాడ చిన్న పరిశ్రమల నిమిత్తము ఏర్పడినది. ఆవడిది యుద్ధావసరము, అంబత్తూరుది బ్రతుకుతెరువు. మన పాఠశాలకు వచ్చు పిల్లలలో పలువురి తండ్రులు ఈ వాడలో లేతు యంత్రములముందు నిలిచి పనిచేసినవారే. ఇప్పుడు ఆ రేకుల షెడ్ల నడుమనే గాజు మేడలు లేచినవి. వానిలో సాఫ్టువేరు కార్యాలయములున్నవి. "మావాడికి ఆ మేడలో ఉద్యోగము దొరకునా?" అని తలిదండ్రులు ఉపాధ్యాయులను అడుగుచుందురు. అడుగవలసినదే. కాని ఆ మేడకే భవిష్యత్తు ఎట్లుండునో, అది దేనిమీద ఆధారపడియుండునో అడుగువారు అరుదు. ఈ వ్యాసమున నేను విచారింపబూనినది ఆ రెండవ ప్రశ్నను.

యంత్రవిద్యతో బ్రతుకు సంస్థ భాగ్యమును మూడు విషయములు నిర్ణయించునని నా యభిప్రాయము. అవి యుద్ధము, నాయకుడు, సామాన్యుడు కొనగల వెల. ఇందులకు దృష్టాంతము అమెరికాలో వెదకనక్కఱలేదు. మన తెలుగుగడ్డమీదనే, హైదరాబాదులో, ఒకటి గలదు. దానిపేరు ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఇ.సి.ఐ.ఎల్.

1962లో చైనాతో యుద్ధము వచ్చెను. మంచుకొండలలో పోరాడిన మన సైన్యమునకు తుపాకులతోపాటు వార్తాప్రసార పరికరములకును కొఱత యేర్పడెను. రేడియో గొట్టమునకైనను, రాడారు భాగమునకైనను పరదేశములవైపు చూడవలసిన దుస్థితి అప్పుడు బయటపడినది. మరుసటి యేడు ఆగస్టులో ప్రభుత్వము హోమీ భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ సంఘమును నియమించెను. ఆ చిన్న సంఘములో విక్రమ్ సారాభాయితోపాటు ఇద్దరు తెలుగువారుండిరి. ఒకరు రక్షణమంత్రికి శాస్త్రసలహాదారుగానున్న సూరి భగవంతముగారు. రెండవవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు. సంఘము పని సాగుచుండగనే 1965లో పాకిస్తానుతో యుద్ధము వచ్చెను. అమెరికా, బ్రిటను మనకు ఆయుధ సామగ్రి పంపుట నిలిపివేసినవి. డబ్బున్నను దొరకని వస్తువులుండునని దేశమునకు అప్పుడు తెలిసెను. 1966 జనవరిలో భాభా విమాన ప్రమాదమున మరణించెను. నివేదిక ఆ యేడే వెలువడినది. 1967 ఏప్రిల్ 11వ తేదీన అణుశక్తిశాఖ క్రింద హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. స్థాపితమయ్యెను. సాంబశివరావుగారే దాని తొలి సారథి.

యుద్ధము మంచిదని నేను చెప్పబోవుటలేదు. నిద్రించు ప్రభుత్వమును అది తట్టి లేపును. ఖజానా తలుపు తెఱపించును. అంతవఱకే దాని శక్తి. తెఱచిన తలుపునుండి వచ్చిన ధనముతో ఏమి చేయవలెనో యుద్ధము చెప్పదు. అది నాయకుని పని.

ఆ రోజులలో పరిశ్రమ పెట్టువారికి సులువైన దారి యొకటుండెడిది. విదేశీయ సంస్థతో ఒప్పందము చేసికొని, వారి నమూనా తెప్పించి, ఇచ్చట మరలు బిగించి అమ్ముకొనుటయే ఆ దారి. సాంబశివరావుగారు దానిని త్రొక్కలేదు. ట్రాంబేలో తనతో పనిచేసిన యువ ఇంజనీర్ల రూపకల్పనలనే వస్తువులుగా మార్పవలెనని పట్టుబట్టిరి. 1969లో ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 అను కంప్యూటరు ఇ.సి.ఐ.ఎల్. చేతిలో అమ్మకపు సరకైనది. తరువాత టి.డి.సి.-312, టి.డి.సి.-316 వచ్చినవి. ఇ.సి. అను పేరుతో ఆ సంస్థ చేసిన టెలివిజన్లు ఒక కాలమున ఎన్నియో యిండ్లలో వెలిగినవి. హైదరాబాదులో ఉద్యోగుల నివాసమునకై వెలసిన కాలనీకి ఆయన పేరే పెట్టిరి, నేటికిని ఏ.ఎస్.రావు నగరు అనుచున్నారు. ఆ బస్సుపలకను చదువువారిలో ఆ ఏ.ఎస్.రావు ఎవరో ఎఱిగినవారెందఱో!

ఇంత చక్కగా పుట్టి పెరిగిన సంస్థ నేడు మన బల్లలమీది కంప్యూటరును ఏల చేయుటలేదు? ఇచ్చటనే మూడవ విషయము ప్రవేశించుచున్నది.

ఇ.సి.ఐ.ఎల్. కంప్యూటర్లు కొన్నవారు ఎవరు? అణుకేంద్రములు, రక్షణశాఖ, ప్రయోగశాలలు, ప్రభుత్వ కార్యాలయములు. వారికి కావలసినది నమ్మకము. వెల తరువాతి మాట. యుద్ధమువలన పుట్టిన బిడ్డకు అంగడి వీథి తెలియదు. 1976లో శివ్ నాడార్ తన మిత్రులతో కలిసి హెచ్.సి.ఎల్. స్థాపించెను. తూత్తుకుడి ప్రాంతమువాడైన ఈయన పేరు తమిళనాట నున్న మనకు క్రొత్త కాదు. 1978లో ఐ.బి.ఎం. ఈ దేశము విడిచిపోగా ఖాళీయైన చోటును ప్రభుత్వ సంస్థతోపాటు ఇట్టి చిన్న సంస్థలును ఆక్రమించుకొనెను. 1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వము క్రొత్త కంప్యూటరు విధానము ప్రకటించి దిగుమతి సుంకములు తగ్గించినది. తూర్పు ఆసియా దేశములనుండి భాగములు వచ్చిపడెను. నలుగురు కుఱ్ఱవాండ్రు ఒక గదిలో కూర్చుండి కంప్యూటరు బిగించి అమ్మగల కాలము వచ్చెను. లక్షల వెలగల యంత్రముచేయు పెద్ద సంస్థ ఆ గదితో పోటీపడలేకపోయినది.

ఇ.సి.ఐ.ఎల్. చితికిపోయెనని మాత్రము అనుకొనరాదు. మన పెద్దలు ఓటువేయు యంత్రము తొలి నమూనాను 1979లో చేసినది అదియే. 2008లో చంద్రయానమునకు సంకేతములు పంపి స్వీకరించుటకై బెంగుళూరు దగ్గఱ బ్యాలాలులో నిలిపిన 32 మీటర్ల గొప్ప ఆంటెన్నా వారి నిర్మాణమే. కనుక ఆ సంస్థ ఓడినది ఒక్కచోటనే: సామాన్యుని బల్లమీద. అయితే ఆ బల్లయే రాబోవు కాలమునకు పునాది యని అప్పుడు గుర్తించినవారు తక్కువ.

మరి చౌకగా అమ్మినవారు నెగ్గిరా? హెచ్.సి.ఎల్. కుటుంబపు సంస్థ 2008లో మైలీప్ అను చిన్న లాప్‌టాపును 13,990 రూపాయలకు తెచ్చినది. ఆనాటికది ఆశ్చర్యకరమైన వెల. 2013లో ఆ సంస్థ కంప్యూటర్ల తయారీనుండి తప్పుకొనుచున్నట్లు ప్రకటించెను. తమకన్న పదింతలు చేయు విదేశీ సంస్థల యెదుట వారి చౌక నిలువలేదు. వెలతో గెలిచినవాడు వెలతోనే ఓడును. ఎక్కువ సంఖ్యలో చేయగలవానిదే తక్కువ వెల. కాని ఆ కుటుంబమునకే చెందిన మఱియొక సంస్థ యంత్రములు చేయుటను గాక సేవలందించుటను నమ్ముకొని పెద్దదైనది. దాని కార్యాలయములు మన అంబత్తూరులోనే యున్నవి. నేను పైన చెప్పిన గాజుమేడల వెనుకనున్న కథలలో ఇదియొకటి. ఇదియును నాయకత్వపు నిర్ణయమే.

ఇక మన యిండ్లలోనికి వత్తము. 2011 సెప్టెంబరు 15న ఇచ్చటికి దూరము కాని కాకళూరులో నాటి ముఖ్యమంత్రి జయలలిత ఉచిత లాప్‌టాప్ పథకమును ప్రారంభించిరి. ప్రభుత్వ, ప్రభుత్వ సహాయ పాఠశాలలలోని ప్లస్ టూ విద్యార్థులకును, కళాశాల విద్యార్థులకును లక్షలకొలది యంత్రములు ఆ తరువాతి యేండ్లలో చేరినవి. మేస్త్రీ కూతురును, ఆటోడ్రైవరు కుమారుడును ఒడిలో కంప్యూటరు పెట్టుకొని కూర్చున్న దృశ్యము చూచినవారు దానిని ఓట్ల వ్యాపారమని పరిహసింపజాలరు. పరిహసించువారి పిల్లలకు ఇంటిలో అంతకుముందే రెండేసి యుండును.

నా ఫిర్యాదు వేఱు. లక్షల లాప్‌టాపులు కొనగల ప్రభుత్వము సామాన్యమైన కొనుగోలుదారు కాదు. 1963లో యుద్ధము కలిగించిన అవసరమెంతటిదో, 2011లో ఈ విద్యార్థుల అవసరము అంతటిదే. ఒక పరిశ్రమను పుట్టించుటకది చాలును. "మీకు ఇన్ని యేండ్లపాటు ఇన్ని లక్షల యంత్రములు కొందుము, రూపకల్పన ఇచ్చట జరుగవలెను, మన యింజనీర్లు దానిని విప్పి బాగుచేయ నేర్వవలెను" అని గట్టిగా పట్టుబట్టినచో, అంబత్తూరు వాడలోని చిన్న షెడ్లకు ఎంత పనియుండెడిది! లాప్‌టాపు చట్రమునకు అచ్చులు పోయగలవారు, అతుకులు వేయగలవారు ఇచ్చట కొఱతయా? కాని చౌక ధరకే పెద్దపీట వేసిరి; సరఫరా చేసినవారిలో విదేశీయ సంస్థలే ముఖ్యులైరి. పిల్లలకు మేలు కలిగెను. పిల్లల తండ్రులు పనిచేయు కర్మాగారములకు కలుగవలసిన మేలు కలుగలేదు.

చౌకయొక్కటే లక్ష్యమైనచో ఏమగునో 2011 అక్టోబరులో విడుదలైన ఆకాశ్ అను పలక చూపినది. దానిని మొదట కూర్చినది హైదరాబాదులోనే. ప్రభుత్వమునకు పడిన వెల రెండువేల చిల్లర రూపాయలు. ప్రపంచమంతయు అబ్బురపడెను. కాని అది మెల్లగా పనిచేయుననియు, తెర సరిగా స్పందింపదనియు ఫిర్యాదులు వచ్చినవి. తయారించు పక్షములనడుమ వివాదములును పుట్టెను. అక్కడ వెల యుండెను, నడిపించు ఒకే చేయి లేకపోయెను.

నాయకుడనగానే మన తలిదండ్రులు సత్య నాదెళ్ళ పేరు చెప్పుదురు. హైదరాబాదులో పుట్టిన ఆయన 2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్టు అధినేత యయ్యెను. రెండు నెలలు తిరుగకముందే తొమ్మిది అంగుళములకు లోబడిన తెరగల పరికరములకు విండోసును ఉచితముగా ఇచ్చుచున్నట్లు ఆ సంస్థ ప్రకటించినది. చౌక యంత్రముల ధాటికి అంతటి సంస్థయు తల వంచవలసివచ్చెనన్నమాట. 2022 మార్చిలో ఉక్రెయిన్ యుద్ధము కారణముగా రష్యాలో క్రొత్త అమ్మకములు నిలిపివేసినది. ఎంత గొప్ప నాయకునికైనను యుద్ధమును, వెలను తన యిష్టానుసారము నడుపుట సాధ్యముకాదు. ఆ రెంటి నడుమ ఓడను నడుపుటయే ఆయన సామర్థ్యము. ఆయన పేరు తలచునపుడు, సిద్ధముగానున్న ఓడను నడిపినవానితోపాటు, ఓడనే కట్టిన సాంబశివరావుగారిని కూడ తలచిన బాగుండునని నా కోరిక.

ఆ ఉక్రెయిన్ యుద్ధము మన యింటి లాప్‌టాపును ఎట్లు తాకునో పిల్లలు తెలిసికొనవలెను. చిప్పులమీద సూక్ష్మరేఖలు గీయు కాంతియంత్రములలో నియాన్ అను వాయువు కావలెను. ఆ పనికి తగినంత శుద్ధమైన నియాన్‌లో సుమారు సగము యుద్ధమునకుముందు ఉక్రెయిన్‌లోని రెండు పట్టణములనుండియే వచ్చెడిది: మరియుపోల్, ఒడెస్సా. 2022లో ఆ రెండుచోట్లను ఉత్పత్తి నిలిచెను. రసాయనశాస్త్ర పాఠములో ఉదాసీన వాయువని మనము చదువునది ప్రపంచములో అంత ఉదాసీనముగా నుండలేదు! 2023 చివరనుండి ఎఱ్ఱసముద్రములో ఓడలపై దాడులు సాగుటచే సరకునౌకలు ఆఫ్రికాఖండమును చుట్టి పోవలసివచ్చినది.

2023 మే నెలలో మన కేంద్రప్రభుత్వము కంప్యూటర్ల తయారీని ప్రోత్సహించుటకై 17,000 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. ఆగస్టులో లాప్‌టాపు దిగుమతులకు లైసెన్సు కావలెననెను, వర్తకులు గగ్గోలుపెట్టగా మెత్తబడెను. చెన్నై చుట్టుపట్ల లాప్‌టాపులు కూర్చు పని ఇప్పటికే సాగుచున్నది. సంతోషమే. కాని శ్రీపెరుంబుదూరులో 2006లో తెఱచిన నోకియా ఫోను కర్మాగారము 2014లో మూతపడిన సంగతి మన ప్రాంతమువారు మఱవలేదు. కూర్చు పని అద్దెయింటి కాపురము వంటిది; యజమాని పొమ్మన్ననాడు పోవలెను. రూపకల్పన తెలిసినచో ఇల్లు మనదగును.

తెలుగు మాధ్యమమున చదువు పిల్లలకు ఈ చర్చ అనవసరమని కొందఱు తలంతురు. "తెలుగులో చదివి కంప్యూటరు కంపెనీలో ఏమి చేయుదురు?" అని ఆ భయముతోనే పిల్లలను మన పాఠశాలనుండి మానిపించువారును గలరు. వారికి నేనొక చిన్న విషయము చూపదలచితిని. 1980 దశకమున కేంద్రప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ భాషలన్నిటికి ఇన్‌స్క్రిప్ట్ అను మీటల అమరికను ఏర్పఱచినది. అందు అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వచ్చును. ఒకే ధ్వని ఏ భాషలోనైనను ఒకే మీటమీద నుండును. తమిళమునకు ఈ రాష్ట్రమున తమిళ్99 అను వేఱొక అమరికయు వాడుకలో నున్నది గాని, ఇన్‌స్క్రిప్టులో చేయి తిరిగినవానికి తెలుగును తమిళమును వేఱువేఱుగా నేర్వ నక్కఱలేదు. ఇంట తెలుగు, వీథిలో తమిళము మాటలాడు మన పిల్లలకే ఇది యొప్పుగా అమరినది. మీయింట మీ యన్నకో యక్కకో ఇచ్చిన పాత లాప్‌టాపు అటకమీద నున్నచో దింపుడు. భాషల జాబితాలో తెలుగును చేర్చి, ఇంగ్లీషు కె యున్న మీటను నొక్కి చూడుడు. 'క' వచ్చును. భాషను తమిళమునకు మార్చి మరల అదే మీటను నొక్కినచో తమిళపు 'క' వచ్చును.