సెలవులో పిల్లల్ని ఏ పార్కుకు తీసుకెళ్దాం?



పోయిన శుక్రవారం మాలియాలో టీ తాగుతుంటే, మెహబూలా క్యాంపులో ఉండే కడప జిల్లా అన్న ఒకాయన మమ్మల్ని పట్టుకున్నాడు. "రెండేండ్ల తర్వాత ఇంటికి పోతాండా తమ్ముడూ. పిల్లోడు వండర్లా అంటాడు, పాప రామోజీ అంటాది, మా ఆడామె తిరుపతి చాలంటాది. ఉండేది నలభై దినాలు. ఏది మంచిదో పేపర్లో రాయండబ్బా, మీరు ఆఫీసులో కూర్చునేటోళ్లు గదా" అన్నాడు. మేము ఆఫీసులో కూర్చునేవాళ్లమే గానీ ఇంటర్ చదివి ఇన్వాయిస్‌లు టైపు చేసుకునే గుమాస్తాలం. అయినా మా ముగ్గురిలో ఎవరో ఒకరు ఈ పార్కులన్నిటికీ సెలవులో పిల్లల్ని తీసుకుపోయి డబ్బు వదిలించుకున్నవాళ్లే. కాబట్టి రాస్తున్నాం.

ముందు ఇక్కడి సంగతి. మనకు పెళ్లయి, ఇద్దరు పిల్లలుండి, నెలనెలా డబ్బు పంపుతున్నా ఈ ఊళ్లో మనం బ్యాచిలర్లమే. 2024 జనవరిలో కుటుంబ వీసాలు మళ్ళీ తెరిచినప్పుడు జీతం కనీసం 800 దినార్లుండాలన్నారు. 2017 నుంచి ప్రైవేటు కంపెనీల్లో కనీస జీతం 75 దినార్లు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే, మన పిల్లలు కువైట్ పార్కులో ఎందుకు ఆడుకోలేరో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

పాతవాళ్లకు దోహా వైపున్న ఎంటర్‌టైన్‌మెంట్ సిటీ గుర్తుండే ఉంటుంది. 1984లో తెరిచారు. అరబ్ ప్రపంచం, అంతర్జాతీయ ప్రపంచం, భవిష్యత్ ప్రపంచం అని మూడు భాగాలుండేవి. 1990 ఆక్రమణలో దోపిడీకి గురైంది. తర్వాత మళ్ళీ బాగుచేసి నడిపారు, చివరికి 2016లో మూసేశారు. షాబ్ పార్కు స్థలంలో 2022 డిసెంబరులో వింటర్ వండర్‌లాండ్ మొదలుపెట్టారు. అది చలికాలం సీజనుకే. ఎండాకాలంలో పగలు 11 నుంచి 4 దాకా బయట పని చేయించకూడదని చట్టమున్న దేశంలో పిల్లలు జెయింట్ వీల్ ఎక్కాలంటే నవంబరు దాకా ఆగాల్సిందే మరి.

కొన్నేళ్ల క్రితం ఈద్ సెలవుల్లో మేము ఆరుగురం ఉతికిన చొక్కాలు వేసుకుని, బస్సు మారి బస్సెక్కి ఒక పార్కుకు పోయాం. పేరెందుకు లెండి. గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి చెయ్యి అడ్డం పెట్టి "ఈరోజు ఫ్యామిలీస్ ఓన్లీ" అన్నాడు. మాలో ఒకడు పర్సు తీసి భార్యాపిల్లల ఫోటో చూపించాడు. ఆ అబ్బాయి కూడా మనలాంటివాడే, ఎక్కడినుంచో పొట్ట కూటికి వచ్చినవాడు. ఫోటో చూసి తల ఊపాడు గానీ గేటు తియ్యలేదు. అతని ఉద్యోగం అతనిది.

అందుకని ఇక్కడ జుమ్మా రోజు గడపాలంటే మా ఓటు షహీద్ పార్కుకే. 2015లో తెరిచారు, లోపల నడవడానికి టికెట్టు లేదు, పెళ్లయిందా అని అడిగేవాళ్లు లేరు. నీడ చూసుకుని కూర్చుని ఇంటికి వీడియో కాల్ చెయ్యండి. క్యాంపు గదిలో మంచాల మధ్య నుంచి చేసే కాల్ కన్నా, వెనక పచ్చగడ్డి కనబడే కాల్ ఇంట్లో వాళ్లకు ధైర్యంగా ఉంటుంది. సాయంత్రం సముద్రపు ఒడ్డుకు నడిస్తే 1979 నాటి కువైట్ టవర్లు కూడా చూపించొచ్చు.

ఇక ఇంటి దగ్గరి పార్కులు.

వండర్లా వి-గార్డ్ స్టెబిలైజర్లు చేసేవాళ్లు పెట్టింది. బెంగళూరు దాటాక మైసూరు రోడ్డులో బిడది దగ్గర 2005లో, హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన రావిర్యాల దగ్గర 2016లో, చెన్నై దగ్గర 2025 డిసెంబరులో తెరిచారు. కడప, అనంతపురం, మదనపల్లె వాళ్లకు బెంగళూరు దగ్గర. నెల్లూరు వాళ్లకు చెన్నై. గోదావరి జిల్లాల వాళ్లకు మూడూ దూరమే, హైదరాబాదులో చుట్టాలుంటే మేలు. ఒక టికెట్టుతో లోపలి రైడ్లన్నీ ఎక్కొచ్చు, అది బాగుంది. కానీ రెండు సంగతులు ఎవరూ ముందుగా చెప్పరు. నీళ్ల రైడ్లకు చీరతో, కాటన్ చుడీదారుతో దిగనివ్వరు, నైలాన్ బట్టలుండాలి. మా వదినగారు ఒకావిడ ఇది తెలియక రోజంతా గట్టు మీద కూర్చుని చెప్పులకు కాపలా కాశారు. ఇక్కడ సూక్ జుమాలో కొని పెట్టెలో వేసుకుపోతే సరిపోతుంది. రెండోది, పిల్లల టికెట్టు వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. పెద్ద రైడ్లకు కూడా ఎత్తే చూస్తారు.

రామోజీ ఫిల్మ్ సిటీ 1996 నాటిది. విజయవాడ రోడ్డు మీద రెండు వేల ఎకరాల దాకా ఉంటుంది, ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో అని గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. బస్సులో కూర్చోబెట్టి సెట్టింగులన్నీ తిప్పి చూపిస్తారు, బాహుబలి సెట్టు కూడా. అమ్మానాన్నలను, అత్తమామలను వెంటబెట్టుకు పోయేవాళ్లకు ఇదే నయం. పెద్దవాళ్లు కూర్చుని చూసేవి ఎక్కువ, పిల్లలు అరిచి కేకలు పెట్టే రైడ్లు తక్కువ. పదేళ్లు దాటిన మగపిల్లలు మధ్యాహ్నానికే విసుక్కుంటారు, ఆ సంగతి మా ఇంట్లోనే చూశాం.

హైదరాబాదు ఇందిరా పార్కు దగ్గరి స్నో వరల్డ్ 2004లో వచ్చింది. జాకెట్టు, బూట్లు ఇచ్చి మైనస్ 5 డిగ్రీల మంచులోకి పంపిస్తారు. 2016 జూలైలో ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన వేసవి చూసినవాళ్లం, మాకు ఆ చలిలో పది నిమిషాలకే పళ్లు కొట్టుకున్నాయి. పిల్లలకు మాత్రం తెగ నచ్చింది. కాకపోతే అది గంట సంబరమే. దానికోసమని కడప నుంచి పోవడం దండగ, హైదరాబాదులో వేరే పనుంటే చూడండి.

డబ్బు లెక్క దాచుకోవడమెందుకు? నలుగురికి టికెట్లు, కారు బాడుగ, లోపల తిండి కలిపితే పెద్ద పార్కులో ఒక్క రోజుకు పదివేలు తేలిగ్గా దాటింది మాకు. 75 దినార్ల జీతగాడికి అది దాదాపు సగం నెల. ఐదేళ్లలోపు పిల్లలుంటే ఈ ఖర్చు వద్దేవద్దు. వాళ్లను ఎక్కనిచ్చేవి నాలుగో ఐదో. కడప అన్న భార్య చెప్పిందే మంచి మాట. తిరుమల దర్శనం చేసుకుని, కిందికి దిగి తిరుపతి జూ చూపించండి. 1987 నుంచి ఉంది, చాలా పెద్దది, చిన్నపిల్లలకు పులి కనబడితే అంతకన్నా రోలర్ కోస్టర్ అక్కర్లేదు. హైదరాబాదు జూకి పోయేవాళ్లు మాత్రం సోమవారం పోకండి, మూసి ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. మాలో ఒకడు మూడేళ్లకు సెలవు పెట్టాడు. ఇంట్లో వాళ్లందరినీ బాడుగ కారులో ఎయిర్‌పోర్టుకే పిలిపించి, దిగీదిగగానే, అటునుంచి అటే పార్కుకు తీసుకుపోయాడు. ఒక ప్రయాణం ఖర్చు మిగులుతుందని లెక్క. వాడు పోయేటప్పుడు పాపకు ఏడాది, ఇప్పుడు నాలుగేళ్లు. ఫోన్‌లో రోజూ నాన్నా నాన్నా అనే పిల్ల, ఎత్తుకోబోతే ఏడ్చి అమ్మ కొంగు పట్టుకుంది. ప్రతి రైడు దగ్గరా "మామయ్యతో ఎక్కుతా" అంది. వీడు రాత్రంతా నిద్ర లేని కళ్లతో, కువైట్ పెట్టెలకు కాపలాగా, సాయంత్రం దాకా కింద నిలబడి చేతులూపాడు. ఖర్చంతా వాడిదే. ఆ రోజు ఫోటోలు ఇప్పటికీ వాడు చూడడు.

అదే పాపను ఇరవయ్యో రోజున ఊళ్లో తిరునాళ్లకు తీసుకెళ్లాడు. చేత్తో తిప్పే రంగులరాట్నం. పాప వాడి ఒళ్లో కూర్చుంది, దిగనంది, ఆరుసార్లు ఎక్కారు.

అందుకని మెహబూలా అన్నకు మా సలహా ఇదీ. మొదటి వారం ఏ పార్కూ వద్దు. పిల్లల్ని బడికి దింపి రా, అంగడికి తీసుకెళ్లు, నీతో అలవాటు పడనియ్. మూడో వారంలో బెంగళూరు వండర్లా పెట్టుకో. శని, ఆదివారాలు, పండగ సెలవులు కాకుండా చూసుకో, టికెట్టూ తగ్గుతుంది, లైన్లూ తగ్గుతాయి. పాపకు రామోజీ ముచ్చట వచ్చే సెలవుకు ఉంచు. చివరి వారానికి మాత్రం పెట్టుకోవద్దు, అప్పటికి అందరి మనసూ టికెట్టు తేదీ మీదే ఉంటుంది.

ఇంకో చిన్న పని. ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు పిల్లలిద్దరినీ గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచి చెప్పమను. నువ్వు వచ్చేటప్పుడు ఎంత ఉన్నారో ఆ లెక్క ఇప్పుడు పనికి రాదు.