ఇంకో రెండేళ్లు చదవనిద్దాం

పెళ్ళీడుకొచ్చిన పిల్ల ఇంకా చదువుతానంటే మన ఇళ్ళల్లో మొదట వచ్చే మాట "చాల్లేమ్మా". ఆ పిల్ల ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపైన మూడేళ్లు ఈఎన్‌టీలో ఎం.ఎస్. చేసిన డాక్టరైనా సరే, మాట మారదు. మా ఆడపడుచు కూతురి విషయంలో ఆర్నెల్లుగా ఇదే నడుస్తోంది. చెవి ఆపరేషన్లలో, పుర్రె అడుగుభాగం ఆపరేషన్లలో ఫెలోషిప్ చేస్తానంటుంది తను. ముప్ఫై దగ్గర పడుతోంది, సంబంధాలు ఎవరు తెస్తారంటారు వాళ్ల నాన్న. వాళ్ల అవ్వయితే ఒకే మాట అడిగింది. "గుబిలి తీసేదానికి ఇంకా రెండేళ్లు చదవాల్నా?"

అందరం నవ్వాం. కానీ అవ్వ అడిగింది సరైన ప్రశ్న. చెవిలో అంతగా నేర్చుకోవడానికి ఏముంది? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే ఆ పిల్లకు అడ్డం చెప్పేవాళ్లు తగ్గుతారని నా నమ్మకం. తనను అడిగీ, నేను చదివీ తెలుసుకున్నది చెబుతాను.

మనకు కనిపించే చెవి కమ్మలు పెట్టుకోవడానికి పనికొచ్చేది మాత్రమే. అసలు చెవి ఎముక లోపల ఉంది. కర్ణభేరి వెనక మూడు బుల్లి ఎముకలుంటాయి. వాటిలో మూడోదైన స్టేపీస్ మన ఒంట్లోకెల్లా చిన్న ఎముక, సుమారు 3 మిల్లీమీటర్లు. బియ్యం చెరిగితే రాలే నూకంత. దాని వెనక నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన కాక్లియా. శబ్దం నరాల భాషలోకి మారేది అక్కడే. ఆ పక్కనే ఒళ్లు తూలకుండా చూసే అర్ధచంద్రాకారపు గొట్టాలు. వీటి మధ్యనుంచే ముఖాన్ని కదిలించే నరం ఎముకలో మెలికలు తిరుగుతూ వెళుతుంది. పైన పలచటి ఎముక రేకు, దానికి అవతల మెదడు. కింద మెడలోకి దిగే పెద్ద రక్తనాళం. ఇదంతా మన బొటనవేలంత చోటులో!

ఈ చోటులో డాక్టరు డ్రిల్లు పెట్టి ఎముకను అరగదీయాలి. నిమిషానికి వేలసార్లు తిరిగే డ్రిల్లు అది. మైక్రోస్కోపులో చూస్తూ, కొన్నిసార్లు గంటల తరబడి. చెయ్యి కాస్త జారితే ముఖనరం దెబ్బతింటుంది. అప్పుడు ఒక వైపు కన్ను మూతపడదు. పడుకున్నా తెరిచే ఉంటుంది. నోరు పుక్కిలిస్తే నీళ్లు ఒక పక్కనుంచి కారిపోతాయి. నవ్వితే ముఖం వంకర పోతుంది. పెళ్ళిలో ఫోటోకు పిలిస్తే పక్కకు తప్పుకునే ఆడవాళ్లని చూసే ఉంటారు. నరం దెబ్బ తినడానికి కారణాలు చాలా ఉండొచ్చు గానీ ఆ బాధ మాత్రం ఒక్కటే.

అలాగని ఆపరేషన్ వద్దంటే కుదరదు. చెవి కారుతూ, వాసన వస్తుంటే మనం వెల్లుల్లి వేసి నూనె కాచి పోస్తాం. చెవి కారడం మామూలేలే అంటాం. ఆ వాసన వెనక కొన్నిసార్లు కొలెస్టియటోమా అనే జబ్బు ఉంటుంది. లోపల చర్మం పొర చేరి, పెరుగుతూ, చుట్టూ ఎముకను తినేస్తుంది. వదిలేస్తే చీము మెదడు దాకా పోవచ్చు. దానికి మందులు చాలవు, ఆపరేషనే దారి. ఇంకొన్ని గడ్డలు చెవికీ మెదడుకీ మధ్య, వినికిడి నరం దారిలోనే పెరుగుతాయి. వాటిలో చాలావరకు క్యాన్సర్ కాదు. అయినా మెదడును నొక్కుతాయి. పుర్రె అడుగుభాగం సర్జన్ అంటే ఇలాంటి చోటికి వెళ్లి రావడం నేర్చుకున్న మనిషి.

ఆ దారులు కూడా మొన్నమొన్న కనిపెట్టినవే. అమెరికాలో విలియం హౌస్ అనే డాక్టర్, మొదట పళ్ల డాక్టరుగా చదువుకున్నవాడు, 1960ల మొదట్లో మైక్రోస్కోపు పెట్టి చెవి ఎముకలోనుంచే ఆ గడ్డల దగ్గరికి వెళ్లే పద్ధతి తెచ్చాడు. అంతకుముందు గడ్డ తీస్తే ప్రాణం దక్కినా ముఖనరం పోవడం మామూలు సంగతి. తర్వాత స్విట్జర్లాండ్‌లో ఊగో ఫిష్, ఇటలీలోని పియాచెంజాలో మారియో సన్నా ఆ విద్యను ఇంకా లోతుకు తీసుకెళ్లారు. సన్నా దగ్గరికి మన దేశం నుంచి కూడా డాక్టర్లు వెళ్లి నేర్చుకొచ్చారు. అమెరికాలో అయిదేళ్ల ఈఎన్‌టీ శిక్షణ అయ్యాక, దీనికోసమే ఇంకో రెండేళ్లు ఫెలోషిప్ చేయాలి. అయిదేళ్లు చదివినవాళ్లకే రెండేళ్లు కావాలంటే, మూడేళ్లు చదివిన మన పిల్లకు వద్దనడం ఏం న్యాయం?

వందమందిని చంపితే గానీ వైద్యుడు కాడని పాతకాలంలో ఒక సామెత ఉండేది. కొత్త వైద్యుడి కన్నా పాత రోగి మేలని ఇంకోటి. ఫెలోషిప్ అంటే ఈ రెండు సామెతలనూ అబద్ధం చేసే చదువు. మొదట దానంగా వచ్చిన శరీరాల కపాల ఎముకల మీద ల్యాబులో డ్రిల్లు పట్టడం నేర్చుకుంటారు. ఎముక రంగు మారితే దాని కింద ఏముందో, డ్రిల్లు చప్పుడు మారితే ఎంత పలచబడిందో చేతికి తెలిసేదాకా. తర్వాత గురువు పక్కన నిలబడి చూడటం. ఆ తర్వాత పైపై ఎముక తీయడం, గురువు కళ్ల ముందే రోజురోజుకూ లోపలికి వెళ్లడం. చివరికి ఎక్కడ ఆగాలో తెలుసుకోవడం. "అత్తా, చెయ్యడం కన్నా ఆపడం నేర్చుకోవడానికే ఎక్కువ రోజులు పడుతుంది" అందా పిల్ల. మన వంటింటి విద్యా అంతే కదా. పాకం ఎప్పుడు దించాలో పుస్తకం చదివితే రాదు, అమ్మ పక్కన నిలబడితేనే వస్తుంది.

ఇది మన జిల్లాల ఆడవాళ్లకు ఎందుకు పట్టాలంటారా? మన వైపు మేనరికాలు, అక్క కూతురిని చేసుకోవడాలు తక్కువేం కాదు. దగ్గరి రక్తంలో పెళ్ళిళ్లు జరిగితే పుట్టుచెవుడు వచ్చే అవకాశం పెరుగుతుంది. అలాంటి పిల్లలకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ కూడా చేర్చారు. ఆ ఆపరేషన్‌లో సన్నటి తీగను, ముఖనరం పక్కనున్న సందులోనుంచే, కాక్లియాలోకి పంపాలి. అదీ బిడ్డ చిన్నగా ఉన్నప్పుడే, రెండు మూడేళ్లలోపు అయితే మంచిది. ఆలస్యమైతే మెదడు మాటలు నేర్చుకునే వయసు దాటిపోతుంది. ఆపరేషన్ తర్వాత మాట నేర్పించే బరువంతా తల్లిదే. తిరుపతిలో టీటీడీ నడిపే శ్రవణం కేంద్రానికి వెళితే, చెవుడున్న చిన్నపిల్లల పక్కన కూర్చుని తామూ పాఠం నేర్చుకుంటున్న తల్లులు కనిపిస్తారు. ఆ తల్లి పడే కష్టమంతా ఫలించాలంటే మొదట ఆ తీగ సరైన చోట పడాలి.

తిరుపతిలో రుయా ఉంది, 1993లో మొదలైన స్విమ్స్ ఉంది. అయినా పెద్ద కేసు అనగానే చిత్తూరువాళ్లు రాయవేలూరు బస్సెక్కుతారు, తిరుపతివాళ్లు మద్రాసు బయల్దేరతారు. వేలూరు సీఎంసీలో చెవి విభాగంలో ఎం.ఎస్. తర్వాతి ఫెలోషిప్‌లు ఉన్నాయి. మద్రాసులో మోహన్ కామేశ్వరన్ గారి ఈఎన్‌టీ రీసెర్చ్ ఫౌండేషన్ కాక్లియర్ ఇంప్లాంట్లకు పేరుపడింది. ఆయనకు 2006లో పద్మశ్రీ వచ్చింది. మన పిల్లలు అక్కడికెళ్లి నేర్చుకుని మన ఊళ్లకు వస్తేనే కదా, చంటిబిడ్డను చంకనేసుకుని బస్సుల్లో తిరిగే తల్లుల బాధ తగ్గేది!

ఇక ఇంట్లో వచ్చే అభ్యంతరాలు. వయసు అంటారు. అబ్బాయి అమెరికా ఎం.ఎస్. అంటే ఇల్లు తాకట్టు పెట్టి పంపుతాం, వాడి వయసు లెక్కపెట్టం. డబ్బంటారు. ఫెలోషిప్‌లో ఇచ్చేది తక్కువే, ప్రాక్టీసు పెడితే వచ్చేదానితో పోల్చలేం. కానీ పెళ్ళికి దాచిన దాంట్లో రెండేళ్ల ఖర్చు ఎంత? ఆడపిల్ల గంటలకొద్దీ నిలబడలేదంటారు. పొద్దున్నుంచి రాత్రి దాకా మనం నిలబడే కదా ఇల్లు నడుపుతున్నది! పెళ్ళే కుదిరితే, ఫెలోషిప్ పూర్తయ్యేదాకా ఆగే ఇంటికే ఇద్దాం. ఆగలేనివాళ్లు తర్వాత రాత్రి డ్యూటీకి మాత్రం పంపుతారా?

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఫెలోషిప్ అని పేరున్నవన్నీ ఒకటి కావు. కొన్ని యూనివర్సిటీ గుర్తింపుతో నడుస్తాయి, కొన్నింటికి ఆస్పత్రి ఇచ్చే సర్టిఫికెట్టే ఆధారం. కొన్నిచోట్ల పిల్లలు వార్డు పనితోనే రోజులు గడిపి వస్తారు. అందుకని మన పిల్లలను ఈ ప్రశ్నలు అడగమందాం. ఎముకల ల్యాబు ఉందా? వారానికి ఎన్ని ఆపరేషన్లు జరుగుతాయి? చూడటమేనా, చేయనిస్తారా? ఇంతకుముందు అక్కడ చదివినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు? "ఇంకా చదువా?" అని అడిగే నోటితో ఇవి అడిగితే ఆ పిల్లకు ఎంత బలం!

రేపు మన ఇంట్లోనే ఎవరికైనా చెవి ఆపరేషన్ అంటే ఆస్పత్రిలోనూ నోరు తెరుద్దాం. ఇలాంటివి మీరు ఎన్ని చేశారు డాక్టర్, ప్రత్యేకంగా ఎక్కడ నేర్చుకున్నారు, ఆపరేషన్‌లో ముఖనరాన్ని కనిపెట్టి చూసే మానిటర్ పెడతారా అని అడగడం మర్యాద తప్పడం కాదు. బాగా నేర్చుకున్న డాక్టర్ ఆ ప్రశ్నలకు విసుక్కోరు.

ఇంకో మాట. నేర్చుకోవడానికి ఎముకలు ఎవరో ఒకరు ఇస్తేనే ఉంటాయి. శరీరదానం గురించి ఇంట్లో మాట్లాడుకోవడం కష్టమే, నాకూ తెలుసు. కానీ ఒకసారి మాట్లాడుకుంటే, ఎవరి బిడ్డ చేతిలోనో వణుకు తగ్గుతుంది, ఇంకెవరి బిడ్డ ముఖమో చక్కగా ఉంటుంది.

మా ఆడపడుచుకు నేను చెప్పింది ఒకటే. వదినా, నీ కూతురికి రెండేళ్లు ఆలస్యమవుతుంది, నిజమే. కానీ ఆ రెండేళ్లూ చదవకుండా డ్రిల్లు పడితే, ఆ లోటు ఎవరో ఒక తల్లి బిడ్డ మీద పడుతుంది. మీ ఇళ్లల్లోనూ ఇలాంటి పిల్ల ఉంటే ఏమంటారో చెప్పండి.